రంగులు బాగు చేయించాను

మే 4

ఈ డైరీ కొన్నది కాదు. ప్రెస్సులో మూల గుట్టగా పడి ఉన్నవాటిలోంచి ఒకటి సంచిలో వేసుకొచ్చాను. ఎవరూ అడ్డుచెప్పలేదు, ఎలాగూ ఇవి అమ్ముడుపోయే సరుకు కాదు. జూన్ నెలకి ముప్పై ఒకటో తారీఖు పేజీ కూడా వేశాం. వేశాం అంటున్నాను గానీ ప్రూఫు దిద్దింది నేనే. ఒత్తు జారితే పట్టుకుంటాను, దీర్ఘం తగ్గితే పట్టుకుంటాను, నెలకి ఒక రోజు ఎక్కువైతే మాత్రం నా కంటికి ఆనలేదు. ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపట్నుంచి మధ్యాహ్నం దాకా వస్తే చాలులెండి" అన్నాడు. సగం పూట పని, సగం జీతం.

ఇక ఇల్లు గడవాలంటే మా ఆవిడ చేసే ఆన్‌లైన్ పనే దిక్కు. ఈ మాట బయట అనను. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను.

మే 5

ఆ పనేమన్నా కొండలు పిండి కొట్టే పనా? కుర్చీలో కూర్చుని చేసేదే. మొదట్లో ఫొటోల్లో కార్ల చుట్టూ, మనుషుల చుట్టూ గీతలు గీసేది. ఇప్పుడు ఇంకో రకం పని. జనం నెట్‌లో పెట్టే ఫొటోల మీద, వీడియోల మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అవి ఈమె దగ్గరికి వస్తాయి. చూసి 'ఉంచు' అనో 'తీసెయ్' అనో నొక్కాలి. దీనికి కార్లకంటే ఎక్కువ ఇస్తారు. "నాకు కార్లే చాలండీ" అంది మొదట. మంచి అవకాశం వస్తే ఎవరైనా కాలదన్నుకుంటారా? నచ్చజెప్పాను. 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నేనే నొక్కాను. అప్పుడామె గిన్నెలు కడుగుతోంది, చేతులు తడిగా ఉన్నాయి.

మే 7

కంప్యూటర్ తెరకి రంగులు పోయాయి. అంతా బూడిద. మా అమ్మాయి చిట్టి స్కూల్లో వేసిన బొమ్మ ఫొటో చూసుకుందామంటే చిలక కూడా కాకిలా కనిపిస్తోంది. ఆమెనడిగితే "అలాగే ఉండనివ్వండి" అంది.

"పాడైనదాన్ని అలాగే ఉండనివ్వడమేంటి?"

"కళ్ళకి హాయిగా ఉంది."

కళ్ళకి హాయట! రిపేరాయన్ని పిలిపించాను. ఆయన ఇలా కూర్చుని అలా లేచాడు. "పాడవలేదండీ, ఎవరో సెట్టింగు మార్చారు" అన్నాడు. ఇంకెవరు, చిట్టే అయ్యుంటుంది. ఊరికే ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటుంది. కేకలేశాను. "నేను కాదు నాన్నా" అని వెక్కివెక్కి ఏడ్చింది. వాళ్ళమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్ళిపోయింది. మొత్తానికి రంగులు బాగు చేయించాను. మెచ్చుకునేవాళ్ళు లేరు సరికదా, మూతులు ముడుచుకుని కూర్చున్నారు.

మే 8

మళ్ళీ బూడిద! ఈసారి రంగులు నేనే తెప్పించాను, రిపేరాయన్ని చూసి నేర్చుకున్నాను. చిట్టి వేలు పెట్టకుండా సెట్టింగుకి పాస్‌వర్డ్ కూడా పెట్టేశాను. పీడా పోయింది.

మే 10

ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న గళ్ళ చొక్కా పెట్టె అడుగున దొరికింది. చిరిగిపోతే పారేశానని చెప్పిందే! ఎక్కడా చిరగలేదు, నిక్షేపంలా ఉంది. వేసుకుని ఇవతలికొచ్చాను. నన్ను చూసి చేతిలో గ్లాసు వదిలేసింది. గాజు పెంకులు ఏరడానికే అరపూట పట్టింది.

టమాటాలు కొనడం కూడా మానేసింది. అడిగితే ధర మండిపోతోందంది. బజారులో నేనే చూశాను, మండిందీ లేదు, మసైందీ లేదు. దేనికీ సూటిగా జవాబు చెప్పదు.

మే 11

సోమవారం సోమవారం కంపెనీవాళ్ళు ఐదు ముఖాలు పంపుతారు. ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా వరసగా ఉంటాయి. ఈ వారం మీ మనసు ఎలా ఉంది, ఒకటి నొక్కండి అని. ఏడుపు ముఖం నొక్కితే వారం పాటు పని ఆపేసి విశ్రాంతి ఇస్తారట. జీతం లేని విశ్రాంతి ఎవడిక్కావాలి? ఆమె ఆ ముఖాలకేసి చూస్తూ కూర్చుంది. వేలు వాటి మీద తిరుగుతోందే గానీ దేని మీదా వాలదు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి లేచింది. నవ్వు ముఖం నేనే నొక్కాను.

మే 15

ఆమె వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది.

మే 16

గొడవేం జరగలేదు. అది రాసి పెట్టుకోవాలి, రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా.

నిన్న ప్రెస్సునుంచి వచ్చేసరికి తెర వెలుగుతోంది, ఆమె గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. "ఆ తాళం తీయండి" అంది.

"ఏం తాళం?"

"రంగుల తాళం."

అప్పుడు తెలిసింది ఇదంతా చేసింది చిట్టి కాదని. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది కాబోలు. "ఉన్నది ఉన్నట్టు చూస్తేనే కదా తప్పేదో తెలిసేది? నేను ప్రూఫులు కళ్ళు మూసుకుని దిద్దుతానా?" అన్నాను.

"నేను నేనులా లేనండీ."

"అందరం అంతేలే" అన్నాను. ఏదో మాటవరసకి అన్నాను. అంతకుమించి ఒక్కమాట లేదు. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. చిట్టికి వేసవి క్లాసులు ఉన్నాయని నా దగ్గర వదిలింది. వెళ్తూ వెళ్తూ దాని రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు చూసింది. నాలుగు రోజులు పోతే తనే వస్తుంది. కాపురమన్నాక ఇవన్నీ మామూలే.

మే 18

ఖాతా ఆమె పేరున, ఆమె ముఖంతో ఉంది. తప్పులు లేకుండా చేస్తుందని పేరు పక్కన ఆకుపచ్చ నక్షత్రం కూడా ఇచ్చారు. ఊరికే వదిలేస్తే ఆ నక్షత్రం పోతుంది, తర్వాత పనీ పోతుంది. అందుకని మధ్యాహ్నాలు నేను కూర్చుంటున్నాను. ఖాతాదారు తప్ప వేరేవాళ్ళు వాడకూడదట. మొగుడూ పెళ్ళాలం, వేరేవాళ్ళం ఎలా అవుతాం?

ఇవాళ అన్నీ చిల్లర గొడవలే. ఒకడు ఇంకొకణ్ణి తిట్టాడు, ఒకడెవడో దొంగ మందులు అమ్ముతున్నాడు. చకచకా తీసిపారేశాను. దీనికా ఇంత రాద్ధాంతం!

మే 19

ఇవాళ ఒకటి చూశాను. రాయను.

మే 20

నిన్నటిది రాయనన్నాను, రాయను. చొక్కా సంగతి మాత్రం రాస్తాను. అందులో ఆ మనిషి వేసుకున్న చొక్కా లాంటిదే నాకూ ఉంది. అవే గళ్ళు, అదే ఎరుపూ నలుపూ. నాది ఉతికి మడతపెట్టి పెట్టె అడుగున పెట్టాను. ఎండాకాలానికి ఆ బట్ట మందం ఎక్కువ.

మే 21

పని బాగానే ఉంది.

మే 25

వదినకి, అదే మా ఆవిడ అక్కకి, ఫోన్ చేశాను. ఆసుపత్రిలో నర్సు కదా, మాటలు కూడా సూదుల్లానే ఉంటాయి.

"ఏం మరిదిగారూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?"

"ఎప్పుడు పంపిస్తారు వదినా?"

"ముందు కడుపునిండా తిననివ్వండి. తర్వాత చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. "ఇంతకన్నా ఘోరాలు మీరు ఆసుపత్రిలో రోజూ చూస్తారు. మీకేమన్నా అయిందా?" అన్నాను.

"నేను చూస్తే కట్టు కడతాను. నీళ్ళు తాగిస్తాను. ప్రాణం పోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. మా చెల్లి చూసి ఏం చేస్తుందండీ? బొత్తం నొక్కుతుంది. నొక్కగానే ఇంకోటి వస్తుంది" అంది.

చిట్టి పాలు తాగుతోందని చెప్పి పెట్టేశాను.

మే 28

తలుపు వేసుకుని పని చేసుకుంటున్నాను. ఇవతలికి రాగానే చిట్టి గడప మీద కూర్చుని ఉంది.

"అమ్మ కూడా ఇలాగే తలుపేసుకునేది. అయిపోయాక వచ్చి నా వేళ్ళు లెక్కపెట్టేది."

"ఎందుకే?"

"ఏమో, ఆట. ఎప్పుడూ పదే వచ్చేవి."

చెయ్యి చాపింది, నన్ను కూడా లెక్కపెట్టమన్నట్టు. పనుందని బయటికి వెళ్ళిపోయాను. ఏ పనీ లేదు. వీధి చివర దాకా నడిచి, సైకిళ్ళ షాపు దగ్గర నిలబడి వచ్చాను.

జూన్ 3

తాళం తీసి తెరకి రంగులు తీసేశాను. కళ్ళకి హాయిగా ఉంది.

జూన్ 4

బూడిదలో కూడా తెలుస్తూనే ఉంటుంది. కాకపోతే కాస్త దూరంగా జరిగినట్టు, ఎప్పుడో జరిగిపోయినట్టు ఉంటుంది. ఆమెకి ఈ ఉపాయం ఎవరు చెప్పారో. తనకి తనే కనిపెట్టుకుని ఉంటుంది. బొమ్మని చిన్నది చేసుకోవడం, శబ్దం కట్టేసుకోవడం, ఇవన్నీ నేనూ ఒక్కొక్కటే కనిపెడుతున్నాను. రిపేరాయన ఆ రోజు లేచి వెళ్ళేటప్పుడు ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపు ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది.

జూన్ 8

ఐదు ముఖాలు వచ్చాయి. ఈసారి వంటింట్లో ఎవరూ లేరు, పొయ్యి మీద పాలు లేవు. నవ్వు ముఖం నొక్కాను.

జూన్ 11

కూరగాయల ఆవిడ "టమాటాలు బావున్నాయి, తీసుకోండి బాబూ" అని రెండు చేతులతో ఎత్తి చూపించింది. వద్దన్నాను. ధర ఎక్కువ.

జూన్ 15

ప్రెస్సులో ఒక కరపత్రం దిద్దుతున్నాను. చిన్నపిల్లల పళ్ళపొడి ప్రకటన. మొదటి లైను మళ్ళీ మళ్ళీ చదివాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పక్కన పాప బొమ్మ ఉంది. ఆ పాపకి ఏమన్నా అవుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చున్నాను. పళ్ళపొడి ప్రకటనలో ఏమవుతుంది, నా మొహం! ఓనరు వచ్చి "ఇంట్లో అందరూ కులాసాయేనా?" అన్నాడు. మా వదినకి ఒంట్లో బాగోలేదు, మా ఆవిడ సాయం వెళ్ళిందని చెప్పాను. ఆ అబద్ధం నా నోటికి బాగా అలవాటైపోయింది.

ఇంటికొచ్చాక చిట్టి వేళ్ళు లెక్కపెట్టాను. అది నవ్వింది.

జూన్ 20

ఆకుపచ్చ నక్షత్రం పోయింది. 'ప్రియమైన సభ్యురాలా, మీ పనిలో తప్పులు పెరిగాయి' అని రాశారు. ఉంచాల్సినవి తీసేశానట. నిజమే. ఈ మధ్య సగం చూడకుండానే తీసెయ్ నొక్కుతున్నాను. ఎవరింట్లోనో పిల్లాడు బల్ల మీంచి దూకుతుంటే కూడా తీసేశాను, వాడు కింద పడేదాకా చూడలేక. ఆమె అన్నీ చివరిదాకా చూసేది. ఆ నక్షత్రం అలా వచ్చింది.

జూన్ 24

అనుకున్నంతా అయింది. పని తీరు మారిందని వాళ్ళకి అనుమానం వచ్చింది. ముప్పయ్యో తారీఖులోగా ఖాతాదారు కెమెరా ముందు ముఖం చూపించాలి, లేకపోతే ఖాతా మూసేస్తారు. ఫోన్లో చూపించినా చాలట.

మూసేస్తే ఏంటి గతి? సగం జీతంతో నేనూ చిట్టీ ఈ ఇంట్లో ఉండగలమా?

రేపో ఎల్లుండో వదినగారింటికి వెళ్తాను. ఆమెని ఇంటికి తీసుకురావడానికే వెళ్తున్నాను. ఎప్పట్నుంచో అనుకుంటున్నదే. ముఖం సంగతి ఆ తర్వాత.

జూన్ 26

చిట్టిని వెంటబెట్టుకుని వెళ్ళాను. వదిన డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్ల బట్టల్లోనే తలుపు తీసింది. చిట్టిని లోపలికి లాక్కుని నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది.

"మనిషి కోసం వచ్చారా, ముఖం కోసం వచ్చారా?"

ఆ కబురు ఆమె ఫోనుకి కూడా వెళ్ళిందన్న సంగతి నాకు తట్టనే లేదు. "రెండూ..." అన్నాను. నాకే సిగ్గేసింది.

లోపల్నుంచి "రానివ్వక్కా" అని ఆమె గొంతు వినిపించింది.

కిటికీ దగ్గర నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చిట్టి అప్పటికే ఒళ్ళో చేరింది. ఇక్కడ తినడం మొదలుపెట్టిందని వదిన చెప్పింది. మొదలుపెట్టాక కూడా ఇంత చిక్కి ఉందంటే ఇంతకుముందు ఎలా ఉండేదో! అసలు ఇంతకుముందు నేను ఎక్కడున్నాను? పక్క గదిలోనే ఉన్నాను.

బతిమాలడానికి ఏవేవో మాటలు దారిపొడుగునా కూర్చుకుంటూ వెళ్ళాను. ఒక్కటీ అవసరం పడలేదు. "ఇవ్వండి ఫోను" అంది. తిట్టలేదు, ఏడవలేదు, ఒక్క షరతు పెట్టలేదు. బఠాణీల గిన్నె పక్కకి జరిపి, చీర చెంగుతో ముఖం తుడుచుకుని వెలుగులోకి తిరిగింది. తిట్టుంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

నేను ఫోను పట్టుకున్నాను. తెర మీద వచ్చే ఆజ్ఞలు చిట్టి పైకి చదివింది, చదవడం కొత్తగా వచ్చిన హుషారు దానిది. "తల ఎడమకి తిప్పండి. తల కుడికి తిప్పండి. కళ్ళు ఆర్పండి." ఆమె చెప్పినట్టల్లా చేసింది. "ఇప్పుడు నవ్వండి."

పెదాలు సాగదీసింది.

"ఖాతాదారు ముఖంతో సరిపోలడం లేదు" అని చదివింది చిట్టి. "సరిపోలడం లేదంటే ఏంటి నాన్నా?"

వెలుగు చాలలేదేమోనన్నాను. వదిన లైటు వేసింది. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. మళ్ళీ అదే. ఇంకొక్క అవకాశం ఉందని వచ్చింది. అప్పుడు నేను, ఇది రాయకుండా వదిలేస్తే ఇన్నాళ్ళూ రాసినదంతా దండగ, నేను "కొంచెం బాగా నవ్వు" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. నిజంగానే ప్రయత్నించింది. చేతనైనంత ప్రయత్నించింది. వదిన గోడవైపు తిరిగిపోయింది.

సరిపోలడం లేదు. ఖాతా మూసివేయబడింది. కింద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించారు, మీరే చూసుకోండి అన్నట్టు. ఒకటి ఇప్పటిది. రెండోది ఖాతా తెరిచిన రోజు నేనే తీసింది. ఆ రోజు కెమెరాకేసి చూడమంటే చూడదు, సిగ్గు. "ఓనరుగారి విగ్గు మిషన్లో పడింది తెలుసా" అన్నాను. పగలబడి నవ్వింది, బుగ్గలు ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయాయి. ఆ మనిషినీ ఈ మనిషినీ మార్చి మార్చి చూశాను. తప్పులు పట్టడమే నా వృత్తి. అచ్చులో తేడా ఉంటే ఆమడ దూరం నుంచి కనిపెడతానని ప్రెస్సులో గొప్పలు పోయేవాణ్ణి. ఫోను చెప్పేదాకా చూడలేదు.

చిట్టికి కోపం వచ్చింది. నా చేతిలోంచి ఫోను లాక్కుని దాని మీద అరిచింది. "అమ్మే! మా అమ్మే ఇది! కళ్ళు కనబడట్లేదా నీకు?"

"నేను చెప్పాను కదండీ" అంది ఆమె. దెప్పుతున్నట్టు కాదు. గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది.

నేను కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. కాయలు తీసుకుని నేనూ ఒలిచాను. చాలాసేపటికి "నేనూ చూశాను" అన్నాను.

"తెలుసు. నా పేరు మీదే కదా చూశారు."

"గళ్ళ చొక్కా..."

ఆమె చేయి ఆగిపోయింది. "అది మీకూ వచ్చిందా?" అంది. "ఎన్నిసార్లు తీసేసినా ఎవడో ఒకడు మళ్ళీ పెడతాడు. ముఖం కనిపించదు చూడండి, వీపే కనిపిస్తుంది. మీరేనేమో అనిపించి, మీరు ఇంటికొచ్చేదాకా నా ప్రాణం నిలిచేది కాదు. అందుకే ఆ చొక్కా దాచేశాను. మీరు వెతికి మరీ వేసుకున్నారు."

నాకు ఏడుపు ఆగలేదు. వదిన ముందు, కూతురి ముందు, పెద్దగా ఏడ్చేశాను. వదిన మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

ఇంటికి రమ్మని అడగలేదు. చిట్టిని అక్కడే ఉంచి వచ్చాను.

జూన్ 29

కంపెనీవాళ్ళ చివరి కబురు. 'మీ సేవలకు కృతజ్ఞతలు. మీ క్షేమమే మాకు ముఖ్యం.' తుడిచేశాను. కంప్యూటర్ మీద దుప్పటి కప్పాను.

మధ్యాహ్నాలు బైండింగులో కాగితాలు మడతపెట్టడానికి రానా అని ఓనరుని అడిగాను. ప్రూఫులు దిద్దేవారు మడతలు పెడతారా అన్నాడు. పెడతానన్నాను. సరే చూద్దామన్నాడు, అంతవరకే.

జూన్ 31

ఇవాళ జూలై ఒకటి. ఈ పేజీ నా తప్పు వల్ల పుట్టింది, ఖాళీగా వదిలెయ్యబుద్ధి కాలేదు.

సాయంత్రం వెళ్ళాను. వదిన డ్యూటీలో ఉంది, చిట్టి పక్కింట్లో ఆడుకుంటోంది. ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. గళ్ళ చొక్కా చింపి గుడ్డలు చేశానని చెప్పాను. సైకిలు తుడవడానికి పనికొస్తాయి అంది. అక్క కొత్త పని ఏదో చూస్తానందట, మనుషులుండే చోట. ఇంటికి ఎప్పుడొస్తావన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆమె కూడా వస్తాననలేదు.

"ఏదీ, చేతులిలా పెట్టు" అన్నాను. ఎందుకని అడగలేదు, పెట్టింది. ఒక్కొక్క వేలూ పట్టుకుని లెక్కపెట్టాను. పది. అన్నీ ఉన్నాయని చెప్పాను.

అప్పుడామె నా చేతులు తన ఒళ్ళోకి లాక్కుంది. చిటికెన వేలితో మొదలుపెట్టి, పైకే లెక్కపెట్టసాగింది. మధ్యలో లెక్క తప్పింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.